ఖాళీ డబ్బా పంపకూడదు

సిద్దిపేట,
జూన్ 9.

చిరంజీవి సింధుజకు మేనమామ దామోదర్ దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. అట్లా రాయాలి కాబట్టి రాశాను. కొట్టు మాత్రం క్షేమంగా లేదు.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అడుగుతావు. మొన్న ఫోన్లో ఏం జరిగిందో గుర్తుందిగా? మూడో నిమిషానికి కొట్లాట. నువ్వు ఫోను పెట్టేశావు. నేను పెట్టేసిన ఫోనుతో ఇంకో ఐదు నిమిషాలు కొట్లాడాను. మీ అత్తమ్మ పిండి కలుపుతూనే తీర్పు చెప్పింది. "మీ ఇద్దరు ఉత్తరాలు రాసుకోన్రి. రాసేటప్పుడన్న ఒకరి మాటకు ఒకరు అడ్డం రారు." ఎట్లాగూ నీకు సకినాల డబ్బా బస్సులో పంపుతూనే ఉంటాం. అందులోనే ఈ కాగితం పెడుతున్నాను. నువ్వు కూడా డబ్బా ఖాళీగా తిప్పి పంపకు. మన ఇండ్లలో ఆ అలవాటు లేదు. హాస్టల్లో నువ్వేం వండుతావు గనక, జవాబు రాసి పెట్టు చాలు. ఉత్తరమంటే పుస్తకం భాషలో రాయాలని మా తెలుగు సారు బెత్తం పట్టుకుని నేర్పాడు కాబట్టి నేనిట్లా రాస్తున్నాను. నవ్వకు.

అసలు సంగతికి వస్తాను. మన "దామోదర్ పిండివంటలు" కొట్టుకు ఎదురుగా ఉగాదినాడు అద్దాల తలుపుల మిఠాయి దుకాణం తెరిచారు. లోపల ఏసీ. జనం చల్లదనానికి వెళ్తున్నారు. చల్లబడ్డాక ఉత్త చేతులతో బయటికి రావడానికి మొహమాటపడి ఏదో ఒకటి కొంటున్నారు. నా కొట్టు ముందు ఆగేది అడ్రసు అడిగేవాళ్ళే. వాళ్ళు అడిగేది కూడా ఆ దుకాణం అడ్రసే. నేనే చెయ్యెత్తి చూపిస్తున్నాను.

దసరా దాకా చూస్తాను బిడ్డా. అప్పటికీ ఇట్లాగే ఉంటే కొట్టు నడిపే ఈ మడిగె ఖాళీ చేసి, హుస్నాబాద్‌లో మా చిన్నాయన కొడుకు రైసు మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీ అత్తమ్మ ఇరవై ఆరేండ్లుగా కూర్చున్న పీట అటకెక్కుతుంది. ఆమె ఆ పీటను ఈమధ్య రోజుకు రెండుసార్లు తుడుస్తోంది.

నువ్వు హైదరాబాద్‌లో ఊరివాళ్ళ దుకాణాలకు ఫోన్లోనే జనాన్ని తోలుకొస్తావట. మేనమామ కొట్టుకు కూడా నలుగురిని తోలు.

నీ మామ,
దామోదర్.


హైదరాబాద్,
జూన్ 15.

మామయ్యకు, అత్తమ్మకు సింధుజ నమస్కారాలు.

సకినాలు సాయంత్రానికే అయిపోయాయి. రాజమండ్రి నుంచి వచ్చిన నా రూమ్మేటు ఒకటి నోట్లో వేసుకుని "ఇవి జంతికలా?" అంది. ఆ పిల్లతో రెండు గంటలు మాట్లాడలేదు. తర్వాత మిగిలినవన్నీ అదే తినేసింది.

నువ్వు అడిగిన పని తప్పకుండా చేస్తాను. పేజీ ఈ రాత్రికే తెరుస్తాను, కొట్టును మ్యాపులో పెడతాను. కానీ మామా, మీ ఫోటోలు నాకొద్దు. ప్లేటులో సకినాలు పేర్చి మధ్యలో గులాబీ పువ్వు పెట్టి పంపించావు చూడు, అట్లాంటివి అసలే వద్దు. జనానికి వస్తువు కంటే ముందు దాన్ని చేసే మనిషి కావాలి. పిండి తడపడం, బట్ట మీద చుట్లు చుట్టడం, ఆరాక నూనెలో వేయడం, అది వీడియో తీసి పంపు. దాంతో పాటు కొట్టు కథ నాలుగు ముక్కలు రాయి. ఎట్లా మొదలైంది, ఎవరు నేర్పారు, అంతే. పెద్ద పెద్ద మాటలు వద్దు.

ఇంకొకటి. పేజీ తెరిచాక ఎవరైనా సరే మన కొట్టుకు ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇవ్వొచ్చు, పక్కన అభిప్రాయం రాయొచ్చు. అసలు పేరే చెప్పాలని లేదు. మంచి రాసినా చెడు రాసినా మర్యాదగా "ధన్యవాదాలు" అని జవాబివ్వాలి. నీ నోటి సంగతి తెలుసు కాబట్టి రెండోసారి రాస్తున్నాను. మర్యాదగా.

సింధుజ.


సిద్దిపేట,
జూన్ 29.

చిరంజీవి సింధుజకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఒక్కటీ వదలలేదు.

వీడియో కోసం కటింగ్ చేయించుకున్నాను. తెల్ల అంగీ వేసుకున్నాను. ఫోన్ల దుకాణం సంతోష్ వచ్చి తీశాడు. నేను పీట పక్కన కూర్చుని గంభీరంగా చూస్తుంటాను, మీ అత్తమ్మ చుడుతుంటుంది. ఆమె ముఖం కనిపించకుండా చేయి మాత్రమే తీయమన్నాను. ఇంటి ఆడమనిషి ముఖం ఊరందరికీ ఎందుకని. ఆమెను అడిగితే అదే అనేది. అడగలేదు.

కథ కూడా రాశాను. నిజాం కాలంలో మా తాత ముత్తయ్య దొర గడీలో సకినాలు చుట్టాడని, ఆ రుచికి దొర వెండి కడియం తొడిగాడని, ఆ రహస్యం తాత నుంచి నాయినకు, నాయిన నుంచి నాకు వచ్చిందని. సంతోష్ చదివి కళ్ళు తుడుచుకున్నాడు. మా తాత తాళ్ళెక్కి కల్లు గీసేవాడని, సకినం తినడమే తప్ప చుట్టడం ఎరగడని నీకు తెలుసు. కానీ కథ కావాలన్నది నువ్వే.

జనం బాగానే రాస్తున్నారు. నేనూ మర్యాదగానే జవాబిస్తున్నాను. ఒకాయన "ధర ఎంత?" అన్నాడు. "ముందు కొట్టుకు రాన్రి, చాయ్ తాగి మాట్లాడుకుందాం" అన్నాను. ఆయనది బెంగుళూరట. ఒకమ్మాయి "ఏ నూనె వాడతారు?" అంటే "నువ్వు ఎవరింటి పిల్లవు బిడ్డా?" అని అడిగాను. ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు.

అంతా బాగుందనుకుంటుంటే నిన్నగాక మొన్న ఎవరో ఒకే ఒక్క స్టారు ఇచ్చారు. పేరు "మిరుదొడ్డి ఆడబిడ్డ". రాసింది ఇది: "సకినాలు మంచిగున్నయ్. కత అబద్దం."

నాకు రక్తం మరిగింది. అయినా మర్యాద తప్పలేదు. ఒక డబ్బా సకినాలు పట్టుకుని పొద్దున్నే మిరుదొడ్డి బస్సెక్కాను. మన దగ్గర మాట పడితే ఇంటికి పోయి కూర్చుని తేల్చుకోవడమే గదా పద్ధతి. మీ అత్తమ్మ పుట్టిల్లు అదే ఊరు, పరాయివాళ్ళు కాదు. మా బావమరిది ఇంట్లో చాయ్ తాగి, వాడిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "మీ ఇంట్లో స్టారు ఇచ్చిందెవరు?" అని అడిగాను. అందరూ నవ్వు మొహాలు పెట్టుకున్నారు. ఒక్కరూ ఒప్పుకోలేదు. డబ్బా మాత్రం ఖాళీ అయింది. అందులో వాళ్ళు చింతపండు పోసి పంపారు.

ఆ మనిషి దొరికేదాకా వదలను.

దామోదర్.


హైదరాబాద్,
జులై 6.

మామా,

ఎవరైనా ఒక స్టారు ఇస్తే బస్సెక్కి వాళ్ళింటికి పోతారా? ఈ ముక్క మా ఆఫీసులో చదివి వినిపిస్తే మా మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నవ్వొచ్చో, భయపడో తెలియదు. ఇంకెప్పుడూ ఎవరింటికీ పోకు. చేతులు జోడించి అడుగుతున్నాను.

ఆ స్టారు ఇచ్చిందెవరో నాకు చదవగానే అర్థమైంది. నీకు చెప్పను. మిరుదొడ్డి ఆడబిడ్డలు నీకు ఎంతమంది తెలుసో తీరిగ్గా కూర్చుని ఆలోచించు.

ఇక మంచి మాట. నీ వీడియోను రెండు లక్షల మంది చూశారు! కళ్ళు నులుముకుని రెండోసారి చూశాను. కింద వందల కామెంట్లు. నీ తెల్ల అంగీ గురించి మూడు. వాటిలో ఒకటి "ఆ పక్కన కూర్చున్న అంకుల్ ఎందుకు?" అని. మిగతావన్నీ చేయి గురించే. "ఆ ఆకుపచ్చ గాజుల చేయి ఎవరిది?" "అంత తొందరగా ఎట్లా తిరుగుతోంది?" "ఆ అమ్మ పేరేమిటి?" పుణె, బెంగుళూరు, నాగపూర్ నుంచి ఆర్డర్లు వచ్చాయి. జాబితా ఇందులో పెట్టాను. గట్టి అట్టపెట్టెల్లో కొరియరు చెయ్యి.

మామా, కథ మార్చు. ముత్తయ్య తాతను వదిలేయ్, పాపం ఆయన చెట్టు మీద సుఖంగా ఉన్నాడు. అత్తమ్మ పేరు రాయి. వచ్చే వీడియోలో ఆమెను మాట్లాడించు. ఇది మేనకోడలి మాట కాదు, ఈ పని చేసి జీతం తీసుకునే మనిషి మాట.

సింధుజ.


సిద్దిపేట,
జులై 20.

చిరంజీవి సింధుజకు,

ఆర్డర్లు పంపించాము. కొట్టు ముందు కొరియరు బండి ఆగితే ఎదురు దుకాణంవాళ్ళు అద్దాల్లోంచి తొంగి చూశారు. చాలా రోజులకు కడుపు నిండా అన్నం తిన్నాను.

అట్టపెట్టెల సంగతి. ఒక పెట్టెలో పెట్టి, మన పక్కన చాయ్ అమ్మే ఐలయ్యను అటూ ఇటూ ఊపమన్నాను. తెరిస్తే సగం ముక్కలు. విరిగిన సకినం మనం ఎవరికైనా పెడతామా? సారెలో విరిగింది కనిపిస్తే ఊరంతా చెప్పుకుంటారు. అందుకని మన స్టీలు డబ్బాల్లోనే, మధ్యలో పాత బట్ట వేసి పంపించాను. ప్రతి డబ్బా మీద "డబ్బా తిరిగి పంపగలరు" అని కాగితం అంటించాను. నువ్వు అరుస్తావని తెలుసు. మన ఇంట్లోంచి పోయిన డబ్బా ఎప్పుడైనా రాకుండా ఉందా చెప్పు.

మీ అత్తమ్మను వీడియోలో మాట్లాడించమన్నావు. ఆమెకు అటువంటివి ఇష్టముండదు. సిగ్గు మనిషి. చేయి ఎవరిదని అడిగినవాళ్ళకు "మా సంస్థ వారిది" అని జవాబిచ్చాను. గౌరవంగా ఉంది కదా?

దామోదర్.


హైదరాబాద్,
జులై 27.

మామా,

స్టీలు డబ్బాలా! అమ్ముకునే వస్తువును డబ్బాలో పెట్టి, డబ్బా తిప్పి పంపమని పుణె వాళ్ళకు చెబుతావా? ఇది వ్యాపారమా, పక్కింటికి పప్పు పంపడమా? కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఒక్క డబ్బా తిరిగి రాదు, రాసిపెట్టుకో.

అత్తమ్మకు ఇష్టముండదని ఎవరు చెప్పారు? అత్తమ్మా, నువ్వా?

సింధుజ.


సిద్దిపేట,
ఆగస్టు 17.

చిరంజీవి సింధుజకు,

క్షేమం. ఈసారి డబ్బాలో ఉత్తరం తప్ప ఏమీ లేదు. ఇక్కడ వానలు. పిండి ఆరడం లేదు. అంతకంటే ఏమీ లేదు. నువ్వేమీ అనుకోకు.

దామోదర్.


హైదరాబాద్,
ఆగస్టు 20.

మామయ్యకు,

ఖాళీ డబ్బా పంపకూడదని నాకు నేర్పిన ఇంటినుంచి ఖాళీ డబ్బా వచ్చింది. మూత తీయగానే భయమేసింది.

సిద్దిపేటలో పది రోజులుగా చినుకు పడలేదు. సంతోష్‌కు ఫోను చేసి అడిగాను. అతను వాన సంగతి చెప్పాడు గానీ ఇంకేం అడిగినా "దామోదరన్ననే అడుగక్కా" అని నసిగాడు. అత్తమ్మ ఆరోగ్యం బాగుందా? నిజం రాయి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, నిజం చాలు.

సింధుజ.


సిద్దిపేట,
ఆగస్టు 24.

బిడ్డా సింధుజా,

మీ అత్తమ్మ ఆరోగ్యం బాగుంది. బాగాలేనిది నాది.

పది, పన్నెండు రోజుల కింద హైదరాబాద్ నుంచి ఒకామె వచ్చింది, వంటల ఛానెలు నడుపుతుందట. మైకు పెట్టి అడిగితే ముత్తయ్య తాత కథ మొత్తం చెప్పాను. ఈసారి దొర రెండు కడియాలు తొడిగాడు. పిండిలో నువ్వులు ఎన్ని పడాలనేది నా ఒక్కడికే తెలిసిన రహస్యమని కూడా అన్నాను. అప్పుడే మీ అత్తమ్మ చాయ్ తెచ్చింది. ఆమె గాజులు చూసి "వీరేనా?" అని అడిగిందామె. నేను ఏమన్నానో రాయడానికి ఇప్పుడు చేయి రావడం లేదు. "మా ఇంట్ల ఆమె. జరంత సాయం జేస్తది" అన్నాను.

మీ అత్తమ్మ సిద్ధమ్మ అందరికీ చాయ్ ఇచ్చింది, నాకు కూడా ఇచ్చింది. తెల్లారి పీట గోడకు నిలబెట్టి, చాటలో బియ్యం పోసుకుని ఏరుతూ కూర్చుంది. "చుట్టవా?" అన్నాను. "సాయమే గదా. ఇయ్యాల సాయం లేదు. నువ్వుల లెక్క ఎరుకైనోళ్ళే చుట్టుకోన్రి" అంది. మళ్ళీ బియ్యం ఏరింది. ఆ బియ్యంలో ఒక్క రాయి లేదు, నేను చూశాను.

రోషం వచ్చి నేనే పీట మీద కూర్చున్నాను. మొదటి సకినం చుట్టడానికి పావుగంట పట్టింది. రెండోది మొదటిదానికి అంటుకుంది. ఐలయ్య వచ్చి చూసి "అన్నా, గివి ఏ బాసల రాసినవే?" అన్నాడు. నూనెలో వేస్తే విడిపోయి తేలాయి. మా వీధి కుక్క వాసన చూసి పక్కకు పోయింది.

హుస్నాబాద్ రాజమల్లయ్య మనవరాలికి సారె పెడుతున్నాడు. వచ్చే ఆదివారం, ముప్పై ఒకటో తారీఖుకు పదకొండు వందల సకినాలు కావాలి. ఒప్పుకున్నాను. సారె ఆగితే వాళ్ళ మర్యాద పోతుంది, మన కొట్టు మళ్ళీ లేవదు. ఇక దసరా దాకా ఆగే పని కూడా ఉండదు.

ఇంకొకటి ఇంతవరకు నీకు రాయలేదు. డబ్బాలు తిరిగి వచ్చాయి బిడ్డా. పంపిన వాటిలో రెండు తప్ప అన్నీ. ఒక్కటి కూడా ఖాళీగా రాలేదు! పుణె డబ్బాలో చిక్కీ, నాగపూర్ డబ్బాలో నారింజ బర్ఫీ, బెంగుళూరు డబ్బాలో కాఫీ పొడి. ప్రతిదాంట్లో ఒక చిట్టీ. ఆ చిట్టీలు గల్లాపెట్టెలో దాచాను. ఒక్కటీ నా పేరు మీద లేదు. అన్నీ "డబ్బా పంపిన అమ్మకు" అని ఉన్నాయి. పుణెనుంచి వచ్చింది చదివాక ఆమె ముఖంలోకి చూడలేక దాచాను. చిక్కీ మాత్రం కొన్నానని చెప్పి ఇచ్చాను.

ఏం చెయ్యమంటావు? నువ్వు చదివిన చదువులో దీనికేమైనా ఉపాయం ఉందా?

నీ మామ.


హైదరాబాద్,
ఆగస్టు 26.

మామా,

ఇది ఉదయం బస్సులో వేస్తున్నాను, నువ్వు మధ్యాహ్నమే తీసుకో.

డబ్బాలు రావని రాసినందుకు చెంపలేసుకుంటున్నాను. నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. కొన్నవాళ్ళతో మళ్ళీ ఒక మాట మాట్లాడించడానికి మేము ఎన్ని వేషాలు వేస్తామో నీకు తెలియదు. నువ్వు ఒక్క కాగితం అంటించి, పుణెలో ఎవరో మనకోసం చిక్కీ కొనేట్టు చేశావు. ఇది నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

కానీ ఉపాయం అడిగావు కాబట్టి వినవలసిందే. నా దగ్గర ఉపాయాలేమీ లేవు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నువ్వు రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయావు. కోపంగా ఉంది మామా నీమీద. ఇరవై ఆరేండ్లు చుట్టిన చేతికి ఒక పేరు లేదు, చెట్టు మీది ముత్తయ్య తాతకు రెండు కడియాలా? ఆ చిట్టీలు నీవి కావు. ఒకరి పేరు మీద వచ్చిన ఉత్తరాలు దాచుకోవడాన్ని ఏమంటారో నీ తెలుగు సారునే అడుగు.

ముక్కూ మొహం తెలియని మనిషి ఒక స్టారు ఇచ్చిందని మిరుదొడ్డి దాకా బస్సెక్కావు. వంటింటికి పోవడానికి ఏ బస్సూ అక్కర్లేదు. ఏడడుగులు. పో.

సింధుజ.


సిద్దిపేట,
సెప్టెంబరు 7.

బిడ్డా సింధుజా,

నేను మీ అత్తమ్మను, సిద్ధమ్మను. మీ మామ లెక్క నాకు పుస్తకం బాస రాదు. ఏడు దాక సదివిన. నోటికెట్ల వస్తె గట్ల రాస్త.

మొదాలు ఒక మాట చెప్త. మీ ఇద్దరి ఉత్తరాలు అన్ని ముందుగాల సదివింది నేనే. డబ్బా సర్దేది ఎవరు, తిరిగొస్తె కడిగేది ఎవరు? ఉత్తరాలు రాసుకోన్రి అని ఊకెనే చెప్పలే. స్టార్ల ముచ్చట నీ ఉత్తరంలనే సదివిన. ఎవలన్న ఇయ్యచ్చు, పేరు చెప్పే పని లేదు అని రాసినవు గదా. సంతోష్‌ను పిలిచి ఎట్ల ఇయ్యాల్నో నేర్సుకున్న. మీ మామ బస్సెక్కి మా ఊర్ల ఇల్లిల్లు తిరిగిండు. ఆళ్ళందరికి ఎరుకే, ఒక్కలు చెప్పలే. పుట్టింటోళ్ళంటే గట్లుండాలె. నువ్వు గూడ చెప్పలే. నువ్వు నా బిడ్డవే.

గా బుధారం నాడు, నీ ఉత్తరం వచ్చిన తెల్లారి, మీ మామ తెల్ల అంగి ఏసుకొని తల దువ్వుకొని వంటింట్లకొచ్చిండు. మళ్ళ వీడియోనా అనుకున్న. చేతుల చిట్టీలు. దాసిండని నీకు రాసిన ఉత్తరంల సదివిన గని, అండ్ల ఏమున్నదో ఎరుకలేదు. నిలవడి, బడిల పోరగాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్కటి సదివిండు. నేను బియ్యం ఏరుకుంటనే విన్న. పుణె ఆమె చిట్టీ ఆఖరుకు సదివిండు. ఆమె తల్లి సచ్చిపోయి ఆరేండ్లాయెనట. తల్లి సకినం చుట్టి ఆఖరి కొస లోపటికి మలిసేదట. "మీ సకినాలల్ల గూడ కొస గట్లనే ఉన్నది, మీది ఏ ఊరమ్మా" అని అడిగింది. మా అవ్వ నాకు గట్లనే నేర్పింది బిడ్డా. కొస బయటుంటె నూనెల ఇరుగుతదని. గది ఇన్నేండ్లల్ల ఎవలు సూడలే. ఆయన గూడ సూడలే.

నేను పొయ్యి దిక్కు తిరిగి ఏడ్సిన. పొగ అని చెప్పిన. గ్యాసు పొయ్యికి పొగ ఏడిదని ఆయన అడుగలే. గది నాకు మంచిగనిపించింది.

"సాయం జేస్తది అన్న, తప్పయింది సిద్ధమ్మా. చేసేది నువ్వు. సాయం నేను" అన్నడు. పెండ్లయినంక ఆయన నోట్లకెల్లి తప్పయింది అన్న మాట గిదే మొదాలు. మళ్ళొకపారి అను అన్న. అన్నడు.

రాజమల్లయ్య సారె పోయింది. పదకొండు నూర్లు నేనే చుట్టిన. పిండి కలిపింది ఆయన, ఏయించింది ఆయన. చెయ్యి రెండు తాన్ల కాలింది. మందు రాసిన గని మెచ్చుకోలే. సారె పంచినకాడికెల్లి ఇంకో మూడు ఇండ్లోళ్ళు అడిగిన్రు. మడిగె ఇడుసుడు లేదు. రైసు మిల్లు కాడ కుర్సీ ఆళ్ళకే ఉండనీ.

వీడియోల మాట్లాడుమన్నడు. మొఖం నా ఇష్టం, ఈపారికి చెయ్యే సూపిచ్చిన, గొంతు మాత్రం నాదే. నువ్వుల లెక్క అందరికి చెప్పేసిన. దాసుకునే ముచ్చటేమున్నది, లెక్క ఎరుకైనంత మాత్రాన చెయ్యి తిరుగుతదా? మీ మామనే అడుగు.

పుణె ఆమెకు జవాబు రాసిన. ఆమె తల్లిది మన మిరుదొడ్డి పక్కన దౌల్తాబాదేనట. డబ్బా పంపిన.

బోర్డు మార్సిండు. "సిద్ధమ్మ సకినాలు" అని పెద్దగ రాయించిండు. కింద సన్నగ "సాయం: దామోదర్" అని. నేను చెప్పలే, ఆయనంతల ఆయనే రాయించిండు. ఐలయ్య సూసి నవ్వుతుంటె ఈయన గూడ నవ్విండు. నిన్న ఒక్క స్టారు తీసి నాలుగు జేసిన. "సూసినవా, మిరుదొడ్డోళ్ళు మెత్తవడ్డరు" అని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. ఎవలో దసరా అయినంక చెప్త. నువ్వు చెప్పకు. ఐదోది గప్పుడు సూద్దాం.

డబ్బా నిండ పెట్టిన. గా రాజమండ్రి పిల్లకు గూడ పెట్టు. తోమి పంపు, ఖాళీగ పంపకు. ఉత్తరం పెడితె మాత్రం ఈపారికెల్లి పైన నా పేరు రాయి.

మీ అత్తమ్మ,
సిద్ధమ్మ.